ఎవరి జ్ఞాపకానికి ఎవరు కిస్తీలు కట్టాలి?

2025 దసరాకి బండి కొంటానని ఆఫీసు క్యాంటీన్లో నోరు జారిన రోజు నుంచి నాకు మనశ్శాంతి లేకుండా పోయింది. అడక్కపోయినా సలహా ఇవ్వడానికి మనవాళ్ళకి మూడు విషయాలు చాలు: షుగర్ జబ్బు, పెళ్ళి సంబంధం, బండి. మొదటిది నాకింకా రాలేదు, రెండోది మా అమ్మ చూసుకుంటోంది. కాబట్టి అందరూ మూడోదాని మీద పడ్డారు.

నేను చూస్తున్నది 300 నుంచి 450 సీసీ లోపు బళ్ళు. హైదరాబాద్‌లో ఉద్యోగం, నెలకి రెండుసార్లు జఫర్‌గఢ్ ప్రయాణం. ఉప్పల్ దాటాక ఘట్‌కేసర్, భువనగిరి, ఆలేరు, జనగామ, రఘునాథపల్లి. స్టేషన్ ఘన్‌పూర్ దగ్గర హైవే వదిలేసి కుడివైపు తిరిగితే మా ఊరి రోడ్డు. అంతా కలిపి సుమారు 120 కిలోమీటర్లు. ఊళ్ళో ఉన్న రెండు రోజులూ బాపునో అమ్మనో వెనకాల కూర్చోబెట్టుకుని తిరగాలి. నా అవసరం ఇంతే, ఇందులో లడఖ్ లేదు.

ఈ సైజు బళ్ళలో దేశం రెండు పార్టీలుగా చీలిపోయింది. ఒకటి గుండ్రటి లైటు పార్టీ. టియర్‌డ్రాప్ ట్యాంకు, క్రోమ్ పూత, పుల్లల చక్రాలు, డుగ్ డుగ్ సప్పుడు. రెండోది పదును మూతి పార్టీ. మిడతలాంటి ముఖం, పైకి లేచిన తోక, టీవీ అంత స్క్రీను. మొదటివాళ్ళు రెండోవాళ్ళని పిల్లకాయలంటారు, రెండోవాళ్ళు మొదటివాళ్ళని అంకుల్స్ అంటారు. నాకిప్పుడు ఇరవై ఎనిమిది. రెండు తిట్లూ సరిగ్గా సరిపోయే వయసు :)

ఈ గుండ్రటి లైటు మోజు మనది కాదని నా వాదన. ఎవరిదో జ్ఞాపకాన్ని మనకి అమ్ముతున్నారు, మనం నెలనెలా కిస్తీ కట్టి మరీ మోసుకొస్తున్నాం. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఒక్కటే 2024-25లో మొదటిసారి పది లక్షల బళ్ళు దాటించింది కాబట్టి ఈ మాటకి నన్ను తిట్టేవాళ్ళకి కొదవుండదు. తిట్టే ముందు కాస్త వినండి.

ముందు ఇంజన్ సంగతి. "పాత ఇనుము మామా, ఆ గట్టితనం ఇప్పటి ప్లాస్టిక్ బళ్ళకెక్కడిది" అంటాడు మా టీంలో ఒకాయన. ఆయన బండి 2022 మోడల్ క్లాసిక్ 350. అందులో పాత ఇనుము ఎక్కడుందో నాకైతే దొరకలేదు. ఆ ఇంజన్ 2020 చివర్లో మెటియోర్‌తో వచ్చింది, 2021 సెప్టెంబర్లో క్లాసిక్‌లోకి ఎక్కింది. 349 సీసీ, 20.2 హార్స్‌పవర్, ఫ్యుయెల్ ఇంజెక్షన్. వణుకు చంపడానికి లోపల ప్రత్యేకంగా బ్యాలెన్సర్ షాఫ్ట్ పెట్టారు. పాత బుల్లెట్‌లో గేరు కుడికాలికి, బ్రేకు ఎడమకాలికి ఉండేది; అదెప్పుడో మారిపోయింది. 2021లో కిక్కు కూడా పీకేశారు. అంటే పాత బుల్లెట్‌ని బుల్లెట్ చేసిన ఇనప ఇంజన్, వణుకు, కుడికాలి గేరు, ఎదురు తన్నే కిక్కు... అన్నీ పోయాయి. మిగిలింది బొమ్మ. అది పోవడం మంచిదే, నాకేం ఫిర్యాదు లేదు. కానీ పోయిన వస్తువుని ఉందనుకుని మీసం మెలేస్తేనే నాకు నవ్వొస్తుంది.

జావా సంగతి ఇంకా తమాషా. 2018లో మళ్ళీ వచ్చిన జావా ఇంజన్ 293 సీసీ, 27 హార్స్‌పవర్, లిక్విడ్ కూలింగ్. అంటే నీళ్ళతో చల్లబడే ఇంజన్. దానికి గాలి తగలడానికి రెక్కలు అక్కర్లేదు. అయినా పాత ఎయిర్ కూల్డ్ ఇంజన్లా కనపడాలని చుట్టూ రెక్కలు దిద్దారు. ట్రయంఫ్ బోనవిల్ వాళ్ళు ఫ్యుయెల్ ఇంజెక్షన్‌ని పాత కార్బురేటర్ ఆకారంలో దాచారు. మా వృత్తిలో ఇలాంటిది రోజూ చూస్తాం. వెనకాల సర్వర్ అంతా కొత్తగా రాస్తాం, కస్టమర్ గోల చేస్తాడని స్క్రీన్ మాత్రం 1998 నాటిదే ఉంచుతాం. తేడా ఏంటంటే మేం దాన్ని "వారసత్వం" అని పేరు పెట్టి ఎక్కువ బిల్లు వెయ్యం.

అసలు ఈ వారసత్వం ఎట్లా పుట్టిందో చూడండి. సైన్యానికి బళ్ళు కావాల్సి వచ్చి 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలైంది. ఇంగ్లండ్‌లో అసలు కంపెనీ బళ్ళు చేయడం 1970లో ఆగిపోయింది. మన దగ్గర మాత్రం అదే బుల్లెట్ పైపై మార్పులతో దశాబ్దాలు నడిచింది. ఎందుకు? అంత గొప్ప డిజైన్ కాబట్టి అని చెప్తారు. లైసెన్సుల రాజ్యంలో పోటీ లేదు కాబట్టి అని నేనంటాను. పోటీ వచ్చిన చోట ఏం జరిగిందో కూడా చూశాం. 1983లో ఎస్కార్ట్స్ వాళ్ళు యమహాతో కలిసి రాజ్‌దూత్ 350 తెచ్చారు. 347 సీసీ, రెండు సిలిండర్లు, మొదట్లో 30 హార్స్‌పవర్. ఆ కాలానికి రాకెట్టే. మైలేజీ లేదనీ, ఖరీదనీ జనం పక్కన పెట్టేశారు, ఆ దశాబ్దం గడిచేసరికి అది మూతపడింది. ఇప్పుడు అదే బండికి తుడిచి నూనె రాసి లక్షలకి లక్షలు అడుగుతున్నారు. అప్పట్లో దాన్ని కొనని తరమే ఇప్పుడు దాని గురించి కళ్ళనీళ్ళు పెట్టుకుంటోంది!

పన్ను మాట కూడా చెప్పి ముందుకెళ్తాను. 2025 సెప్టెంబర్ 22 నుంచి 350 సీసీ దాకా బళ్ళకి జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. 350 దాటితే సెస్సుతో కలిపి 31 ఉండేది, 40కి ఎక్కింది. అంటే 349 సీసీ బండికీ 398 సీసీ బండికీ ఇంజన్లో తేడా 49 సీసీలు, పన్నులో తేడా 22 శాతం. పాపపు సరుకు జాబితాలో గుట్కా, సిగరెట్ల పక్కన నా బండి చేరింది. మంచి బ్రేకులున్న బండికి తక్కువ పన్ను వెయ్యాలని ఎవరికీ తట్టలేదు, సీసీలే లెక్కబెట్టారు. సరే, ఆర్థికమంత్రితో మనకేం పని.

బ్రేకుల మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కాస్త ఆగుతాను. మీలో సిటీవాళ్ళకి తెలీకపోవచ్చు, మా వైపు వానాకాలం కోతలకీ యాసంగి కోతలకీ రోడ్డు సగం కళ్ళమైపోతుంది. వడ్లు ఆరబోస్తారు. అంచున బండరాళ్ళు పెడతారు, రాత్రయితే నల్ల టార్పాలిన్ కప్పుతారు. రైతుని అనడానికి నాకు నోరు రాదు, మా వడ్లు కూడా అక్కడే ఆరాయి. కళ్ళాలకి జాగా ఎవరిచ్చారు గనక? రెండేళ్ళ క్రితం ఏప్రిల్లో చీకటి పడే వేళ ఒక ఫ్రెండు పాత బండి మీద వస్తున్నాను. ఎదురుగా ట్రాక్టరు. పక్కకి తీసి బ్రేకు తొక్కితే వెనక డ్రమ్ము బిగుసుకుపోయి చక్రం వడ్ల మీద సర్రున జారింది. మోచెయ్యి చర్మం రోడ్డుకిచ్చి లేచాను. ఆ బండిని ఒక్కణ్ణే లేపలేకపోయాను, వడ్ల దగ్గర కాపలా ఉన్న పెద్దాయన వచ్చి చెయ్యేశాడు. "బండి గింత బరువేంది కొడుకా" అని ఆయన అడిగిన ప్రశ్నకి ఇప్పటికీ నా దగ్గర జవాబు లేదు.

క్లాసిక్ 350 బరువు 195 కిలోలు. ఐకేపీ సెంటర్లో తూచే 40 కిలోల వడ్ల బస్తాలు అయిదు, అయిదు కిలోలు తక్కువ. దాన్ని లాగడానికి 20 గుర్రాలు. 2023లో వచ్చిన ట్రయంఫ్ స్పీడ్ 400 బరువు 176 కిలోలు, గుర్రాలు 40. అదే ఏడు కొత్తగా వచ్చిన కేటీఎం 390 డ్యూక్‌కి ఇంకా ఎక్కువ. "స్పీడెందుకు, మెల్లగా పోతే ప్రాణానికి మంచిది" అంటారు పెద్దలు. ఒప్పుకుంటాను, ఘన్‌పూర్ నుంచి మా ఊరికి 20 గుర్రాలు ఎక్కువే. మరి ఆలేరు దగ్గర రెండు లారీలు పక్కపక్కనే పోతుంటే? దాటడానికి పట్టే ప్రతి సెకనూ లారీ టైరు పక్కన గడిపే సెకనే. ఇక ఏబీఎస్. 125 సీసీ పైన 2019 ఏప్రిల్ నుంచి తప్పనిసరి అన్నారు, కానీ ఒక్క ముందు చక్రానికి పెట్టినా చట్టం ఊరుకుంటుంది. అందుకే 2023లో వచ్చిన కొత్త బుల్లెట్ చౌక రకానికి వెనక డ్రమ్మే, ఏబీఎస్ ముందుకే. వడ్ల మీద జారింది నా వెనక చక్రం.

పుల్లల చక్రం అందం గురించి కూడా వినీ వినీ చెవులు చిల్లులు పడ్డాయి. ఆ చక్రంలో ట్యూబు ఉంటుంది. తుమ్మముల్లు దిగితే చక్రం విప్పాలి, ట్యూబు లాగాలి. అదే ట్యూబ్‌లెస్ అయితే పుల్ల పొడిచి పది నిముషాల్లో పోవచ్చు. ఆదివారం సాయంత్రం రఘునాథపల్లి దగ్గర పంచరు షాపు కోసం రెండు క్వింటాళ్ళు తోసినవాడికి ఆ అందం గుర్తుకురాదు.

ఇవన్నీ లెక్కలు. లెక్కలతో బండి ఎవడూ కొనడని నాకూ తెలుసు. అసలు గొడవ ఆ సప్పుడుది.

మా బాపుని చిన్నప్పటి సంగతులు అడిగితే ఆ సప్పుడు గురించి వేరే కథ చెప్తాడు. ఆయన చిన్నతనంలో మా ఊరికి బుల్లెట్ మీద వచ్చేది ఇద్దరే. ఒకరు ఎస్సై, రెండోవాడు సారా కాంట్రాక్టరు. దూరం నుంచి డుగ్ డుగ్ వినపడితే అరుగుల మీద కూర్చున్నవాళ్ళు లేచి నిలబడేవారట. 80ల్లో, 90ల్లో మా వరంగల్ జిల్లా పల్లెల్లో ఆ సప్పుడుకి ఇంకో అర్థం కూడా ఉండేది. పడుచు పిల్లగాళ్ళు పెరటి గోడ దూకి చేన్లలోకి పోయేవారు, తల్లులు వాకిట్లో నిలబడి ఎవరూ లేరని చెప్పేవారు. పాలకుర్తి, కడవెండి మాకు దూరమేం కాదు. 1946లో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకి ఒరిగిన చోటు, ఐలమ్మ తన పంట గింజల కోసం దేశ్‌ముఖ్‌కి ఎదురు నిలిచిన చోటు. అధికారం ముందు లేచి నిలబడటం మానుకోవడానికి ఇంత పోరాటం చేసిన నేల మీద, ఆ అధికారం చేసిన సప్పుడుని మనం సొంత డబ్బులు పెట్టి కొనుక్కుంటున్నాం. సరిపోలేదని సైలెన్సర్ మార్పించి పెంచుకుంటున్నాం. పోలీసులు వాటిని పీకి రోడ్ రోలర్ కింద తొక్కిస్తే పేపర్లో ఫొటో పడుతుంది. ఇంగ్లండ్ ముసలాయనకి ఆ సప్పుడు యవ్వనం కావచ్చు. మనకి?

2021లో 'బుల్లెట్టు బండి' పాట వచ్చాక, మంచిర్యాల పెళ్ళికూతురు ఆ పాటకి ఆడిన వీడియో ఊరూరా తిరిగాక, మా చుట్టాల్లో కట్నం మాటల్లోకి కూడా ఈ బండి దూరింది. పాట తప్పు కాదు, ఆ అమ్మాయి తప్పు అసలే కాదు. కానీ పిల్ల తండ్రి అప్పు చేసి కొన్న బండి మీద అల్లుడు ఠీవిగా వస్తుంటే, ఆ ఠీవి ఎవర్ని చూసి నేర్చుకున్నదో నాకు తెలుస్తూనే ఉంటుంది.

ఇంకోటి. మా ఊళ్ళో నిజంగా పాతది ఒకటుంది, గుట్ట మీద కోట. గోడల్లో చెట్లు మొలిచాయి, రాళ్ళు ఊడుతున్నాయి, పైకి పోవడానికి సరైన దారి లేదు. సెలవులొస్తే కుర్రాళ్ళు కొత్త-పాత బళ్ళని దాని ముందు నిలబెట్టి ఫొటోలు దిగుతారు. ఫొటోలో కోట వెనక పరదా.

ఇంత వాదించి, వారంపాటు చార్టులు గీసి ఇంటికెళ్ళి బాపుతో చెప్పాను, పదును మూతి బండి కొంటున్నానని. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అన్నాడు, "కొంటే గా బుల్లెట్టే కొనురా."

నాకు తల తిరిగింది. "బాపూ, నువ్వే కదా ఆ సప్పుడంటే భయమన్నది!"

"భయమే. గందుకే కొనుమంటున్న."

అప్పుడు చెప్పాడు, ఇరవై ఎనిమిదేళ్ళలో నాకెప్పుడూ చెప్పని సంగతి. కాంట్రాక్టరు ఊరికి వచ్చినప్పుడల్లా బుల్లెట్‌ని చెరువుకి తోసుకుపోయి కడిగింది ఈయనే. కడిగితే అర్ధరూపాయి. ఒకనాడు కడిగి, తుడిచి, చుట్టూ ఎవరూ లేరు కదా అని ఎక్కి కూర్చున్నాడట. కాంట్రాక్టరు మనిషి చూశాడు. ఏం చేశాడో బాపు చెప్పలేదు, ఎడమ చెవి ఒకసారి తడుముకున్నాడు. ఆ తర్వాత సైకిలు, చాలా ఏళ్ళకి సెకండ్‌హ్యాండ్ హీరో హోండా. దాని మీదే నన్ను వరంగల్ కాలేజీలో దింపాడు.

గుర్రాలూ కిలోలూ ఉన్న నా చార్టులో దీనికి కాలమ్ లేదు. ఎవరి జ్ఞాపకమో అని ఇంతసేపూ దబాయించాను, అది మా ఇంట్లోనే ఉంది. నా వాదన తప్పయిందని మాత్రం ఇప్పటికీ అనుకోను. దెబ్బ కొట్టినవాడి బండి ఎక్కితే దెబ్బ మానుతుందా అన్నది నా ప్రశ్న. కానీ ఆ ప్రశ్న బాపుని అడిగే ధైర్యం నాకు లేకపోయింది. మర్నాడు ఇద్దరం హన్మకొండ వెళ్ళాం.

షోరూంలో బాపు బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ట్యాంకు మీద చెయ్యి పెట్టాడు. ఎక్కి కూర్చున్నాడు, ఈసారి ఎవరూ ఏమీ అనలేదు, సేల్స్ అబ్బాయి ఫొటో కూడా తీస్తానన్నాడు. తర్వాత బాపు కుడికాలు పక్కకి జరిపి దేనికోసమో వెతికాడు.

"కిక్కేదిరా?"

"కిక్కు లేదంకుల్, సెల్ఫే," అన్నాడు అబ్బాయి, బటన్ నొక్కి చూపించాడు. ఇంజన్ మెత్తగా మొదలైంది. బాపు చెవి కాస్త ఒంచి విన్నాడు. "గింతేనా?"

"బీఎస్ సిక్స్ అంకుల్. కావాలంటే బయట సైలెన్సర్ వేయించుకోవచ్చు."

బాపు దిగాడు. "కిక్కు లేదు, సప్పుడు లేదు. మరి గింత బరువెందుకు?" అన్నాడు. నా చార్టు మొత్తం ఒక్క ముక్కలో చెప్పేశాడు.

గెలిచానని సంబరపడేలోపు పక్క వీధిలో ఇంకో షోరూం. నేను మనసు పడ్డ పదును మూతి బండి. బాపు వెనక సీటు ఎక్కబోయి మోకాలు పట్టేసి ఆగిపోయాడు. "దీని మీద మనిషి కూసుంటడా, కోడి కూసుంటదా?" ఏమాటకామాటే, ఇది నా పార్టీ తప్పు. ఆధునికం అంటే వెనక కూర్చునేవాడు ఉండడనీ, ఉన్నా ఇరవై ఏళ్ళ అమ్మాయే ఉంటుందనీ ఎవరు తీర్మానించారు? చట్టం అడిగింది కాబట్టి చీర గార్డు తగిలిస్తారు, చీర కట్టుకున్న మనిషి ఎక్కడానికి మాత్రం వీల్లేకుండా తోక పైకి లేపుతారు. మా అమ్మ ఎక్కలేని బండిని మా ఊళ్ళో ఏం చేసుకోను? జనం గుండ్రటి లైటు వైపు పోతున్నది సగం ఈ సీటు దెబ్బకే అని నాకు ఆ షోరూంలోనే వెలిగింది. జ్ఞాపకాలూ లేవు, తోటకూరా లేదు. పెళ్ళాన్నో తల్లినో కూర్చోబెట్టుకోవాలి, అంతే.

చివరికి కొన్నది స్పీడ్ 400. సీటు మనిషి కూర్చునేట్టు ఉంది, రెండు చక్రాలకీ ఏబీఎస్, ట్యూబ్‌లెస్ టైర్లు. దాని లైటు గుండ్రంగానే ఉందని మీరు నన్ను ఎగతాళి చెయ్యొచ్చు, మా టీం ఆయన ఆల్రెడీ చేశాడు. లైటు చదరంగా ఉన్నా కొనేవాణ్ణే. సర్వీసుకి హన్మకొండ పోవాలి, 40 శాతం పన్ను శ్లాబులో ఉంది, తక్కువ స్పీడులో బాపుని కూర్చోబెట్టుకుని పోతుంటే 350 అంత తాపీగా నడవదు. ఇవన్నీ నిజాలే.

దసరా పొద్దున జమ్మికి పోకముందే బాపు బకెట్టు, పాత లుంగీ గుడ్డ తీసి బయల్దేరాడు. బండి చెరువు దగ్గరే కడగాలట. వైరింగ్‌లోకి, సెన్సర్లలోకి నీళ్ళు పోతాయి, ఇంట్లోనే తడిబట్టతో తుడుద్దామని మాన్యువల్ తెరిచి మరీ చూపించాను. వినలేదు. తాళం చెవి తీసుకుని, ఇంజన్ స్టార్ట్ చెయ్యకుండా, తోసుకుంటూ వెళ్ళాడు.